లోపల ఈ, బయట ఊ

మత్రాలో సముద్రానికి వీపు పెట్టిన ఇల్లు.
నా గదికి కిటికీ లేదు, ఏసీ ఉంది.
కావలి బట్టలకొట్టు ఇచ్చిన క్యాలెండర్ వెనకవైపు
జర్మన్ క్రియలు రాసి గోడకి అంటించుకున్నాను.

యాకూబ్ ముందే చెప్పాడు:
మా అమ్మ నలభై ఏడేళ్ళు అరబ్బీలో చేపలు బేరమాడింది,
అరబ్బీలో మమ్మల్ని తిట్టింది.
పక్షవాతం వచ్చి లేచాక
పుట్టినప్పటి భాష తప్ప ఏదీ మిగల్లేదు.
నువ్వెలాగూ ఆ దేశం పోవాలని చదువుతున్నావు.
జీతం, తిండి, పాఠం, మూడూ ఇక్కడే.

ఆ ఇంట్లో ఆమె ఓమా. జర్మన్‌లో నాయనమ్మ.
మా వైపు ఓమ అంటే వాము, అజీర్తికి.
మొదటి వారం ఆమెకి నేను అరగలేదు.

రెండో వారం సూపు పెడుతూ
వేడి చూద్దామని చెంచా పెదవికి తాకించాను.
ఆమె నావైపు వేలు చూపి
"ఎంగెల్" అంది.
గుండె ఆగినంత పనైంది.
ఈ ముసలామెకి తెలుగు ఎవరు చెప్పారు?
ఎంగిలి ఎలా పట్టుకుంది?
చెంచా కడిగాను, గిన్నె కడిగాను, మళ్ళీ పోశాను,
రాత్రంతా మొహం చెల్లక దొర్లాను.
తెల్లారి నిఘంటువు తీస్తే
దేవదూత అట.

చెంచా మగది, ఫోర్కు ఆడది, కత్తి ఏదీ కాదు.
ఆడపిల్ల కూడా ఏదీ కాదు.
ఫోనులో క్లాసు, కేరళ పిల్లలూ ఫిలిప్పీన్స్ పిల్లలూ
ఇదేం అన్యాయమని గోల పెట్టారు.
నేను నోరెత్తలేదు.
మా అత్త వచ్చింది, బస్సు వచ్చింది, జ్వరం వచ్చింది.
మాకు అలవాటే.

సాయంత్రం పొయ్యి వెలిగించరు ఓమాకి.
కరకర రొట్టె, జున్ను, దోసకాయ చక్రాలు.
పక్కన కోడలు షమ్సా ఖావా, ఖర్జూరం.
నేనా రొట్టెకి నల్లకారం రాసుకుంటే
ఓమా వాసన పీల్చి కళ్ళు మూసుకుంది.
మెచ్చుకుందో, ఓర్చుకుందో, ఇప్పటికీ తేలలేదు.

ఒక్క అక్షరం మాత్రం నోటికి చిక్కలేదు.
లోపల ఈ అనాలి, బయట పెదవులు ఊ చుట్టాలి.
ఆమె మంచంమీంచి వంగి నా గడ్డం పట్టుకుంది.
సొంత మూతి సగం మాట వినని మనిషి
నా మూతి సరిచేసింది.
మ్యూదె. అలసిపోయాను.
ఆ మాట రావడానికి పదకొండు రోజులు పట్టింది,
అలసట మాత్రం ఎప్పుడో వచ్చేసింది.

రువీలో పరీక్ష.
ప్రశ్నలడిగే అబ్బాయికి ముప్ఫై నిండవు.
సెలవు దొరికితే ఏం చేస్తావు అన్నాడు.
వెలుగాట ఇంటికి వెళ్తాను అన్నాను, ఓమా మాటలో.
అతను పెన్ను కింద పెట్టాడు.
సినిమాకా?
మా అమ్మమ్మ పోయాక ఈ మాట మళ్ళీ వినలేదే,
ఎవరు నేర్పారు మీకు?
చెప్పాలంటే క్రియని చివరికి తోసుకెళ్ళాలి.
అది మనకి పుట్టుకతో వచ్చిందే,
అయినా ఆ వాక్యం చివరిదాకా వెళ్ళలేకపోయాను.
మార్కులేం పోలేదు.

కాయితాలొచ్చాయి. జనవరిలో విమానం.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక
షమ్సా నోటుపుస్తకంతో ఓమా మంచం దగ్గర కూర్చుంటుంది.
తెలుగులో నేను రాసుకున్న జర్మన్‌ని
అరబ్బీలో రాసుకుంటుంది, కుడి నుంచి ఎడమకి.
నొప్పిగా ఉందా. నీళ్ళు కావాలా.
దీపం ఉంచనా, తీసేయనా.
అన్నీ వచ్చాయి. మ్యూదె దగ్గర ఆగిపోయింది.
లోపల ఈ, బయట ఊ, అంటూ
ఆమె గడ్డం పట్టుకున్నాను.
సున్నాలు చుట్టుకున్న మా రెండు మూతుల్నీ
ఓమా మార్చి మార్చి చూసి,
చెంచా వస్తోందనుకుని
తనూ నోరు తెరిచింది.